కాగు కింద బొగ్గు

మా ఇంట్లో గడియారం లేని రోజుల్లో కూడా బాపు ఏ షిఫ్టులో ఉన్నాడో నీళ్లు కాచే కాగును చూసి చెప్పేవాళ్లం. పొద్దున ఏడింటికి కాగు మీద ఆవిరి లేస్తుంటే నైట్ షిఫ్ట్. మధ్యాహ్నం మూడింటికైతే ఫస్ట్ షిఫ్ట్. మేం పడుకున్నాక, రాత్రి పదకొండు దాటాక, పెరట్లో మూత తీసిన చప్పుడు వినపడితే సెకండ్ షిఫ్ట్. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసే ఇల్లు ఏదైనా అంతే. ఉడుకు నీళ్ల వేళ తప్పిందంటే ఆ రోజు ఇంట్లో అన్ని వేళలూ తప్పేవి.

మా బాపు కోల్ ఫిల్లర్. షాట్‌ఫైరర్ పేల్చి పడేసిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో, అంటే గంప, పారతో ఎత్తి టబ్బుల్లో నింపడం ఆయన పని. బాయి నుంచి వచ్చినప్పుడు కనుగుడ్లు, పళ్లు తప్ప ఆయనలో తెల్లగా ఏమీ ఉండేది కాదు. గడప లోపలికి వచ్చేవాడు కాదు. పెరట్లో బండ మీద గొంతుక్కూర్చునేవాడు. అమ్మ మొదటి చెంబు వీపు మీద పోయగానే కళ్లు మూసుకుని ఒకటే మాట అనేవాడు: "బతికిన." ఎనిమిదేళ్ల పిల్లకు అది నీళ్ల గురించిన మాట అనిపించేది. బాయిలో కప్పు కూలి ఎవరైనా పోయిన రోజు ఆయన ఆ మాట అనేవాడు కాదు, ఊరికే నీళ్లు పోయించుకునేవాడు. ఆ సంగతి నేను గుర్తుపట్టింది చాలా ఏళ్ల తర్వాత.

నీళ్లు పోసుకోకుండా ఆయన అన్నం ముట్టింది నేను చూడలేదు. మా బాపమ్మ దగ్గర దానికో లెక్క ఉండేది. "ముందుగాల ఒళ్లు కాగాలె, తర్వాత కడుపు నిండాలె, గప్పుడే నిద్ర వస్తది" అనేది. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు అలిగి తిండి మానేసినా, కొత్త బాలింత కళ్లు మూతపడక కూర్చున్నా బాపమ్మ వైద్యం ఇక్కడే మొదలయ్యేది, కాగు కింద నిప్పు రాజేయడంతో.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో తిరిగాను. బాపమ్మ లెక్కలో ఎంత నిజముందో, ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి నాకు అన్నేళ్లూ పట్టాయి. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

ముందు బొగ్గు సంగతి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో పని మొదలైంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పటికీ ఆ తేదీనే సింగరేణి డే చేస్తారు. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొని కంపెనీని చేతిలోకి తీసుకుంది. ఈలోగా బొగ్గుబాయి ఇల్లందు దాటింది. 1927లో బెల్లంపల్లి, 1937లో కొత్తగూడెం. గోదావరి ఒడ్డున రామగుండం దగ్గరికి వచ్చేసరికి 1960 ప్రాంతం. అప్పటికి అక్కడ ఉన్నది రైలు స్టేషను, అడవి, కొన్ని పల్లెలు. నది పేరుకు గని పేరు అతికించి గోదావరిఖని అన్నారు. ఊరికీ నాకూ ఇంచుమించు ఒకే వయసు. మా బాపు కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి భుజం మీద ఒక దుప్పటితో వచ్చి మస్టర్ ఎక్కాడు.

ఇక్కడి బొగ్గు ఎటెటు పోయిందో అందరికీ తెలుసు. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం థర్మల్ కేంద్రం వచ్చింది. 1978 నవంబర్ 14న ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది. అది పెరిగి పెరిగి 2600 మెగావాట్లయింది. బొగ్గుతో యూరియా చేసే ఎరువుల కర్మాగారం 1980లో మొదలై 1999లో మూతపడింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అదే బొగ్గులో చిన్న పాలు కార్మికుల ఇళ్లకు, ఇంటి వాడకం కింద, వచ్చేది. ఆ పాలు చరిత్ర ఎవరూ రాయలేదు. అది ఆడవాళ్ల చేతుల్లో కాలిపోయింది.

ఆ పొయ్యిని చూడని వాళ్ల కోసం చెప్తాను. పాత ఇనుప బకెట్ తీసుకుని అడుగు పక్కన గాలి కోసం బెత్తెడు రంధ్రం కొడతారు. లోపల నాలుగైదు ఇనుప చువ్వలు అడ్డంగా పెట్టి, చుట్టూ మట్టి, ఊక కలిపి మెత్తుతారు. చువ్వల మీద పిడక ముక్కలు, చితుకులు, వాటి మీద గుప్పెడు బొగ్గు. కొంచెం గ్యాస్‌నూనె చిలకరించి అంటిస్తే మొదటి అరగంట పొగే పొగ. అందుకే పొయ్యిని వాకిట్లోనే రాజేసేవాళ్లు. సాయంత్రం అయిదు గంటలకు లైన్లు లైన్లుగా ఉన్న క్వార్టర్ల ముందు అన్ని పొయ్యిలూ ఒకేసారి పొగ విడిస్తే ఎదురింటి తలుపు కనపడేది కాదు. పొగ పోయి నిప్పు ఎరుపెక్కాక, దాని మీద చిన్న నీలి మంట ఆడుతుంది. అప్పుడు పొయ్యిని గుడ్డలతో పట్టుకుని లోపలికి మోసేవాళ్లు. అన్నం, కూర అయ్యాక మిగిలిన నిప్పు మీద కాగు. తెల్లారి బూడిద గిన్నెలు తోమడానికి.

మా రాగి కాగు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఖాళీగా నాలుగు కిలోల పైనే తూగుతుంది. నీళ్లు నింపితే ముప్పై కిలోలకు దగ్గరవుతుంది. పొయ్యి మీద నుంచి దాన్ని దించడం, బండ దాకా మోయడం, చన్నీళ్లు కలిపి చేత్తో వేడి చూడడం, మళ్లీ నింపి ఎక్కించడం, అంతా అమ్మే. మా ఎదురింట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు షిఫ్టుల్లో ఉండేవాళ్లు. వాళ్లమ్మ రోజుకు మూడుసార్లు ఆ బరువు ఎత్తేది. ఆమెకు షిఫ్టు లేదు. ఆమె నిద్ర సంగతి అడిగినవాళ్లూ లేరు.

ఇది మా ఊరి కథే కాదని నర్సింగ్ చదివేటప్పుడు ఒక పుస్తకం వల్ల తెలిసింది. 1919లో బ్రిటన్‌లో బొగ్గు గనుల మీద శాంకీ కమిషన్ విచారణ జరిగింది. వేల్స్ నుంచి ఎలిజబెత్ ఆండ్రూస్ అనే గని కార్మికుడి భార్య లండన్ వెళ్లి దాని ముందు సాక్ష్యం చెప్పింది. ఇళ్లల్లో నీళ్లు కాచి మోసి ఆడవాళ్లకు గర్భాలు పోతున్నాయని, కాగుతున్న నీళ్లు మీద పడి పిల్లలు కాలిపోతున్నారని, గని దగ్గరే స్నానాల గదులు కట్టాలని అడిగింది. 1926లో చట్టం వచ్చాక అక్కడ గనుల దగ్గర స్నానాల గదులు వరసగా లేచాయి. మన దేశంలో బొగ్గు గనుల పిట్‌హెడ్ బాత్ నియమాలు 1959లో వచ్చాయి. అది చదివినప్పుడు నాకు వేల్స్ కనపడలేదు, నడుం పట్టుకుని కాగు దించే మా ఎదురింటి పెద్దమ్మ కనపడింది. మా బాపు మాత్రం రిటైరయ్యేదాకా ఇంటి బండ మీదే పోసుకున్నాడు. ఒంటి మీద బొగ్గుతో ఇంటికి నడిచి రావడం ఆయన తరానికి అలవాటు. పెళ్లాం చేతి నీళ్లంటే మమకారం కూడా కొంత ఉండేదేమో.

ఒక సందేహం నన్ను చాలాకాలం వేధించింది. బాయి లోపల చల్లగా ఉండదు. ఉక్క, చెమట, తడి గాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1957 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం పని చేసే చోట, గాలిలో తేమనూ లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించకూడదు. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. నియమాల్లో ఇంత లెక్క ఉందంటే లోపలి ఉక్క ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఇక బయట రామగుండం ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. అంత ఉక్కలోంచి వచ్చిన మనిషి ఎండాకాలం కూడా ఉడుకు నీళ్లే ఎందుకు అడిగేవాడు? చన్నీళ్లు పోసుకున్న రోజు నిద్ర పట్టలేదని ఎందుకు విసుక్కునేవాడు?

జవాబు పాదాల్లో ఉంది. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు, పాదాలు వెచ్చగా ఉన్నవాళ్లకు నిద్ర తొందరగా పడుతుందని నేచర్ పత్రికలో రాశారు. నిద్రకు ముందు ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. అరచేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుంటే లోపలి వేడి అక్కడి నుంచి బయటికి పోతుంది. ఉడుకు నీళ్లు చేసే పని అదే. పైన వేడి చేసి, లోపలి వేడి పోవడానికి దారి తెరుస్తాయి. 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టారు. పడుకునే ముందు గంట, రెండు గంటల మధ్యలో, 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో పది నిమిషాలు చేసినా చాలు, నిద్ర సగటున పది నిమిషాలు ముందుగా పడుతుందని తేల్చారు. స్నానం, అన్నం, కాసేపు వాకిట్లో మాటలు, తర్వాత మంచం. సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చిన మా బాపు దినచర్య ఆ గంట లెక్కకు సరిగ్గా సరిపోయేది. ఆయన ఏ పత్రికా చదవలేదు.

నిద్రకు కాలరీలో ఇంకో దారి కూడా ఉండేది, సారా. నీళ్లు కాగని ఇంటి మనిషి దుకాణం వైపు నడిచేవాడని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. అందుకే కాగు పెట్టడంలో ప్రేమతో పాటు కాపలా కూడా ఉండేది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చినప్పుడు మా లైన్లో ఒకామె, "ఇగ కాగు ఒక్కటే దిక్కు" అని నవ్వింది. గుడుంబా ఎక్కడికీ పోలేదన్నది వేరే కథ.

స్నానం ఒక్కటే కాదు. వేడి మా ఇళ్లల్లో రకరకాల రూపాల్లో ఉండేది. ఒళ్లు నొప్పులకు, బాలింత స్నానానికి వావిలాకు వేసి కాచిన నీళ్లు. నడుముకు ఇటుక కాపడం. పొత్తికడుపుకు నూనె రాసి వెచ్చచేసిన ఆముదపు ఆకు. జలుబుకు మరిగే నీళ్లలో నాలుగు చుక్కల జిందా తిలిస్మాత్ వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి. హైదరాబాద్‌లో ఆ మందు పుట్టింది కూడా సింగరేణి కంపెనీకి ఆ పేరు వచ్చిన 1920లోనే. దీనికంతా పాత మూలం ఉంది. చరక సంహిత సూత్రస్థానంలో పద్నాలుగో అధ్యాయం మొత్తం చెమట పట్టించే చికిత్స గురించే. నిప్పుతో చేసేవి 13 రకాలు, నిప్పు లేకుండా చేసేవి 10 రకాలు అని లెక్క చెబుతుంది. ఎవరికి చేయకూడదో కూడా అక్కడే ఉంది. ఆకలితో ఉన్నవాళ్లకు, బలహీనులకు, బాగా ఎండిపోయినవాళ్లకు చేయొద్దన్నారు. ఈ రెండో జాబితా మా బాపమ్మ దాకా రాలేదు. దాని అవసరం నాకు ఒక పిల్ల విషయంలో తెలిసింది.

ఆ పిల్ల మా వీధిలోనే ఉండేది. పేరు రాయను. 1990ల చివర్లో ఇంటర్ చదువుతుండేది. మొదట రాత్రి అన్నం మానేసింది. తర్వాత అడిగినప్పుడల్లా "కడుపు నిండింది" అనడం మొదలుపెట్టింది. డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకు గంటల తరబడి నడిచేది. మే నెలలో స్వెటర్ వేసుకుని తిరగడం చూసి నాకు గుండె జారింది. చేయి పట్టుకుంటే చలికాలం పొద్దున బోరింగు హ్యాండిల్ ముట్టుకున్నట్టే ఉంది. రాత్రి మూడింటికి లేచి కూర్చుంటుందని వాళ్లమ్మ చెప్పింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పెళ్లి చేస్తే సరిపోతుందని ఒకరన్నారు. చదువు భయమని ఇంకొకరు. నాకు జబ్బు పేరు తెలుసు. పాఠంలో అరపేజీ చదువుకున్నదే, అప్పటిదాకా కళ్లతో చూడలేదు. అనొరెక్సియా నెర్వోసా.

ఈ జబ్బు పెద్దింటి జబ్బని, తెల్లవాళ్ల జబ్బని, సన్నబడాలనే ఫ్యాషన్ పిచ్చి అని మనలో చాలామంది అనుకుంటారు. ఢిల్లీ ఎయిమ్స్ మానసిక వైద్యులు 1995లో అయిదుగురు యువతుల గురించి రాశారు. తిండి మానడం, వాంతులు, చిక్కిపోవడం, నెలసరి ఆగిపోవడం ఉన్నాయి. తమ ఒంటి తీరును తప్పుగా చూసుకోవడం మాత్రం పుస్తకాల్లో చెప్పినట్టు లేదు. మన ఆడపిల్లల్లో ఈ జబ్బు "కడుపు నిండింది", "సయించడం లేదు" అనే మాటల వెనక దాక్కుంటుంది. అందుకే ఇళ్లల్లో దాన్ని ఆలస్యంగా పట్టుకుంటారు.

వాళ్ల నాన్నను ఒప్పించి మానసిక వైద్యుడి దగ్గరికి పంపడానికి నాకు నెల పట్టింది. ఈలోగా పల్లె నుంచి ఆ పిల్ల అమ్మమ్మ దిగింది. వచ్చిన మొదటి రోజే మనవరాలి పాదాలు పట్టుకుని చూసి, "మంచులెక్కున్నయి, ముద్ద ఎట్ల దిగుతది?" అంది. మా బాపమ్మ లెక్కే మళ్లీ. ఉడుకుడుకు నీళ్లతో తలస్నానం చేయించబోయింది. లేచి నిలబడగానే ఆ పిల్లకు కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. నేను నాడి చూస్తే నిమిషానికి యాభై కూడా లేదు. అంత బలహీనమైన ఒంటికి ఎక్కువ వేడి నీళ్లు పోస్తే రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుని రక్తపోటు పడిపోతుంది. మనిషి అక్కడే కూలిపోవచ్చు. చరకుడి రెండో జాబితా అర్థమైంది అప్పుడే. "పెద్దమ్మా, స్నానం గోరువెచ్చగా చాలు. కూర్చోబెట్టి పోయి. కాపడం పాదాలకు పెట్టు" అన్నాను. ఆమె వాదించలేదు.

తర్వాత ఆమె చేసింది నా కళ్ల ముందే ఉంది. కడాయిలో రాళ్ల ఉప్పు వేయించేది. చిటపటలు ఆగాక పాత పంచె ముక్కలో పోసి మూట కట్టేది. దాన్ని ముందు తన మెడకు ఆనించుకుని చూసేది. తను ఓర్చుకోగలిగితే అప్పుడు ఇంకో మడత గుడ్డ చుట్టి మనవరాలి పాదాల దగ్గర పెట్టేది. చిక్కిపోయిన ఒంటికి కాలిన సంగతి వెంటనే తెలియదు, అందుకే ఆ రెండో మడత. పక్కన పళ్లెంలో పెరుగన్నం. నాలుగు ముద్దలు. తినమని ఒక్కసారి కూడా బతిమాలలేదు. తను చిన్నప్పుడు మానేరు వాగు దాటి పొలం పోయిన కథలు చెప్పేది. ఆ పిల్లకు అసలు కష్టం ముద్ద మింగడం కన్నా మింగిన తర్వాతి అరగంట. ఆ అరగంట ఒళ్లంతా కుదురు లేక లేచి నడక మొదలుపెట్టేది. మూట పాదాల కింద ఉంది కాబట్టి లేవలేదు. వేడి చల్లారేసరికి అరగంట దాటేది. కొన్ని రాత్రులు మూట చల్లారకముందే నిద్రపోయేది.

ఈ ముసలామె చేసింది నాటు వైద్యమేనా అని వార్డు లైబ్రరీలో వెతికాను. దొరికింది చూసి ఆశ్చర్యపోయాను. ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు విలియం గల్. 1873లో క్లినికల్ సొసైటీ ముందు చదివిన ఆ తొలి వ్యాసంలోనే వేడి సంగతి ఉంది. రోగి బాగా చిక్కిపోయినప్పుడు నాడి నెమ్మదిస్తుంది, ఒంటి వేడి తగ్గుతుంది, అప్పుడు తిండితో పాటు బయటి నుంచి వేడి కూడా ఇవ్వాల్సి వస్తుందని రాశాడు. రెండు అంగుళాల వెడల్పు, మూడు నాలుగు అడుగుల పొడవు ఉన్న రబ్బరు గొట్టంలో వేడి నీళ్లు నింపి వెన్నెముక పొడవునా పెట్టమన్నాడు. ఆయనకు ఆధారం అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1843లో, షోస్సా అనే స్విస్ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాలు. ఆకలితో చావుకు దగ్గరైన జంతువులు ఒంట్లో వేడి లేనప్పుడు పెట్టిన తిండిని అరిగించుకోలేకపోయాయి, వెచ్చచేస్తే తేరుకున్నాయి. "ముందుగాల ఒళ్లు కాగాలె, తర్వాత కడుపు నిండాలె." లండన్‌లో చదివిన పత్రంలోనూ మా పెరటి బండ మీదా ఒకే వరస.

గల్ చెప్పిన రబ్బరు గొట్టాన్ని వైద్యం తర్వాత వందేళ్లు మరిచిపోయింది. మళ్లీ గుర్తు చేసింది ఎలుకలు. తిండి రోజుకు కొద్దిసేపే ఇచ్చి, తిరగడానికి చక్రం పెడితే ఎలుక తినడం తగ్గించి పరుగెత్తుతూనే ఉంటుంది, చావు దాకా వస్తుంది. గది వెచ్చగా ఉంచితే పరుగు తగ్గి, తిండి పుంజుకుంటుంది. స్పెయిన్‌లో ఎమిలియో గుటియెరెజ్ బృందం ఈ దారిలో చాలా పని చేసింది. డాబా మీద ఆ పిల్ల నడక నాకు అప్పుడు ఇంకో రకంగా అర్థమైంది. అది మొండితనం కాకపోవచ్చు. తిండి లేని ఒళ్లు వేడి పుట్టించుకోవడానికి చేసే పని కూడా కావచ్చు. 2002లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు తమ పద్ధతి ఫలితాలు ప్రచురించారు. అందులో భోజనం తర్వాత రోగులు వెచ్చని గదుల్లో విశ్రాంతి తీసుకోవడం ఒక భాగం.

ఇక్కడితో ఆపితే బాపమ్మ గెలిచినట్టే. ఆపకూడదు. 2004లో కెనడాలోని వాంకూవర్‌లో వైద్యులు ఈ జబ్బున్న 21 మంది మహిళల మీద పరీక్ష చేశారు. అందరికీ వేడి చొక్కాలు తొడిగారు. కొందరివి రోజుకు మూడు గంటల చొప్పున 21 రోజులు వేడెక్కాయి, మిగతావాళ్లవి వేడెక్కలేదు. బరువు పెరగడంలో రెండు గుంపుల మధ్య తేడా రాలేదు. వేడి ఒక్కటే ఈ జబ్బును దించదు. నేను వార్డుల్లో చూసిందీ అదే. భోజనానికి ముందు, తర్వాత టవల్ చుట్టిన వేడి నీళ్ల సంచి ఇస్తే కొందరు కుదురుగా కూర్చునేవాళ్లు, రాత్రి నిద్ర మెరుగైందనేవాళ్లు. కొందరికి ఏ తేడా లేదు. అందరికీ పనికొచ్చింది మాత్రం లెక్కగా పెట్టిన తిండి, డాక్టరు, మాట వినే మనిషి, నెలలూ ఏళ్లూ పట్టే ఓపిక. చెమట పడితే బరువు తగ్గుతుందని ఆవిరి గదుల్లో కూర్చునే రోగులు కూడా ఉంటారు. వాళ్ల చేతికి వేడి ఇవ్వడమంటే జబ్బు చేతికి కొరడా ఇవ్వడమే.

బొగ్గు విషయంలో మా వాళ్లు చేసిన పెద్ద తప్పు ఒకటుంది. చలికాలం బాలింత మంచం కింద కుంపటి పెట్టి తలుపులు బిగించేవాళ్లు. పొగ పోయింది కదా, ఇంకేం భయమని. నిప్పు మీద ఆడే ఆ నీలి మంట కార్బన్ మోనాక్సైడ్ కాలుతున్న మంట. కాలకుండా మిగిలినదానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే తీసుకుపోతుంది. వెచ్చని నిద్ర కోసం పెట్టిన నిప్పు తెల్లారి లేవని నిద్ర ఇచ్చిన ఇళ్లున్నాయి. ఇప్పటికీ ప్రతి చలికాలం దేశంలో ఎక్కడో ఒకచోట అలాంటి వార్త వస్తూనే ఉంది.

గ్యాస్ వచ్చాక కార్మికుల ఇళ్లల్లో బొగ్గు పొయ్యిలు ఆరిపోయాయి. సాయంత్రం అయిదింటి పొగ ఇప్పుడు లేదు. తట్టా చెమ్మస్ పని యంత్రాలకు పోయింది, చాలా భూగర్భ ఇంక్లైన్ల చోట ఓపెన్ కాస్ట్ గనులు వచ్చాయి. బాత్రూముల్లో గీజర్లు. ఆడవాళ్ల నడుములకు అది మంచే జరిగింది, పాత కాలం పోయిందని నేను ఏడవను. పోయింది ఒక్కటే, నీళ్లు పోసే చేయి. కాపడం మూట పక్కన కథ చెబుతూ కూర్చునే మనిషి. ఆ పిల్ల విషయంలో ఉప్పు ఎంత పని చేసిందో, అమ్మమ్మ ఎంత పని చేసిందో విడదీసి చెప్పమంటే ముప్పై నాలుగేళ్ల అనుభవంతో కూడా చెప్పలేను.

ఆ పిల్లకు తేరుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, వేరే ఊళ్లో ఉంటుంది. చలికాలం ఫోన్ చేసినప్పుడు, రాత్రి పాదాల కింద వేడి నీళ్ల సంచి పెట్టుకుంటానని చెప్తుంది.

మీ ఇంట్లో పిల్లో పిల్లాడో ఎండాకాలంలో స్వెటర్ వేసుకుంటే, అన్నం పళ్లెం దగ్గర కడుపు నిండిందంటే, తిన్న వెంటనే కుదురు లేక నడుస్తుంటే తాయెత్తుల కోసం నెలలు పోగొట్టకండి. పాదాలకు వెచ్చగా గుడ్డ చుట్టండి, పక్కన కూర్చోండి, తెల్లారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, స్పృహ తప్పినా తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ నంబర్ 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.